‘జారు’ మనదా, తమిళమా?

మైలాపూర్ నాన్న:
మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. టీచరు తమిళావిడ. నిన్న క్లాసులో “ఇక్కడ జారు రావాలి” అంటే మా పిల్ల “వేలు జారితే తప్పు కదా మిస్” అందట! ఇంటికొచ్చి నన్ను పట్టుకుంది, ఈ జారూ జారుడుబండలో జారూ ఒకటేనా అని. ఒకటేననుకుంటున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

తంబుర:
ఒకటేనండీ. వేలు ఎత్తకుండా తీగ మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి లాక్కుపోతే వచ్చే గమకం, అంటే స్వరానికి ఇచ్చే ఒంపు, అది. సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయింది, తెలుగులోనే. అందులో పైకి పోయేది ఏట్ర జారు, కిందికి దిగేది ఇరక్క జారు. ఏట్రం, ఇరక్కం తమిళం, జారు మాత్రం మనది. సగం వాళ్ళు, సగం మనం. మామూలుగా తమిళంలో అయితే వళుక్కు, సరుక్కు అంటారు. ఇక్కడి పార్కుల్లో జారుడుబండ పేరు ‘సరుక్కు మరం’.

బెంగళూరు బాబాయ్:
మనదని అంత గట్టిగా అనకమ్మా, కన్నడంలోనూ జారే! ఇక్కడి పిల్లలు ‘జారుబండె’ అంటారు. బండ అన్నా బండె అన్నా రాయే కదా. మా ఊళ్ళో గుట్ట మీద నున్నటి బండ ఒకటుండేది, తాటిమట్ట మీద కూర్చుని సర్రున జారేవాళ్ళం. ఎన్ని నిక్కర్లు చిరిగాయో, అమ్మ చేత ఎన్ని తిన్నానో. ఇప్పుడు అపార్ట్‌మెంట్లో ఎర్ర ప్లాస్టిక్‌ది పెట్టి దాన్నీ బండే అంటున్నాం.

పెరంబూర్ కుర్రాడు:
ఉత్తర్వులు ‘జారీ’ చేయడం కూడా ఇందులోంచే వచ్చిందా? పైనుంచి కిందికి జారేవే కదా అవి :)

తంబుర:
బాగుంది కానీ కాదు తమ్ముడూ. జారీ అరబీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. పారుతున్న, నడుస్తున్న అని దానర్థం. మన జారుని పాతకాలంలో బండి ‘ఱ’తో ‘జాఱు’ అని రాసేవారు.

టీనగర్ కోడలు:
వంటింటి జారు మర్చిపోయారు! మా అత్తగారు నిన్ననే “బజ్జీల పిండి ఇంత జారుగా కలిపావేంటమ్మా” అన్నారు. అరటికాయ ముక్క ముంచి ఎత్తితే పిండంతా గిన్నెలోకే దిగిపోయింది. ఇంకో రెండు గుప్పెళ్ళు శనగపిండి పోస్తే గానీ పట్టలేదు.

మైలాపూర్ నాన్న:
అందరికీ థాంక్స్. టీచరుగారికి చెబితే నవ్వేశారు. ఇన్నేళ్ళూ అది సంగీతం వాళ్ళ మాటే అనుకున్నారట. ఇవాళ పొద్దున వాకిట్లో తడి చూసుకోక కాలు జారి చతికిలబడ్డాను. లేపాల్సింది పోయి మా పిల్ల గుమ్మంలో నిలబడి “నాన్నా, ఇరక్క జారు!” అంటోంది.