స్పోర్ట్స్ కారు వేలానికి పెడుతున్నాను, రిజర్వు ధర ఎంత పెట్టాలి?

లాసన్స్‌బే_రోడ్‌స్టర్:
నా దగ్గర 2012 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4 ఉంది. రెండు సీట్లు, మడతపడే గట్టి టాపు, 41 వేల కిలోమీటర్లు. ఇద్దరు పిల్లలతో ఈ బండిలో ఎక్కడికి వెళ్తామని ఇంట్లో రోజూ అదే ప్రశ్న. ఇక్కడ విశాఖలో డీలర్లు 16 లక్షలు దాటడం లేదు. బెంగళూరులో ఆన్‌లైన్ వేలం నడిపే ఒక సంస్థను అడిగితే, రిజర్వు ధర చెప్పమన్నారు. పాట అంతవరకూ రాకపోతే బండి అమ్మనక్కర్లేదట. ఆ అంకె పాటదారులకు కనపడదు, ‘రిజర్వు అందలేదు’ అని మాత్రం కనిపిస్తుంది. నా మనసులో 24 లక్షలు ఉంది. రిజర్వు లేకుండా పెడితేనే పాట బాగా పెరుగుతుందని వాళ్ల మాట. పదకొండు లక్షలకే ఎవరైనా కొట్టుకుపోతారేమోనని నా భయం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హార్బర్_గట్టు:
మా ఇల్లు ఫిషింగ్ హార్బర్ పక్కనే. తెల్లవారుజామున వచ్చి చూడండి, రిజర్వు లేని వేలం ఎలా ఉంటుందో తెలుస్తుంది. తడి సిమెంటు మీద కోనాం చేపలు కుమ్మరిస్తారు. చుట్టూ తట్టలతో ఆడవాళ్లు, వెనక ఎగుమతుల వాళ్లు. పాట మొదలై ముగిసేసరికి మీరు టీ గ్లాసులో సగం కూడా తాగి ఉండరు. బోటు యజమాని ‘ఈ ధరకు ఇవ్వను’ అనలేడు, ఎండెక్కితే సరుకు పాడైపోతుంది. మీ కారు మధ్యాహ్నానికి కుళ్లిపోదు కదా. ఆగగలిగినవాడికే రిజర్వు. ఆగలేనివాడు అది పెట్టుకున్నా తనకు తాను అబద్ధం చెప్పుకోవడమే.

ఎంవీపీ_మస్టాంగ్:
నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. నా మస్టాంగ్‌కు 52 లక్షల రిజర్వు పెట్టాను. ఎందుకు 52 అంటే, నేను కొన్నది, పెట్టిన ఖర్చు, నా ప్రేమ అన్నీ కలిపితే వచ్చిన లెక్క అది. పాట 46.5 దగ్గర ఆగిపోయింది. నిర్వాహకులు ఫోన్ చేసి, ‘సార్, కొంచెం దిగుతారా, హెచ్చు పాటదారుతో మాట్లాడతాం’ అన్నారు. నేను బిగుసుకున్నాను. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: ‘46కు పోలేదట కదండీ.’ వేలంలో మిగిలిపోయిన బండి అందరి కళ్లలో పడుతుంది, ఏదో లోపం ఉండబట్టే పోలేదనుకుంటారు. అయిదు నెలల తర్వాత 44కు ఇచ్చాను. ఆ మధ్యలో బీమా రెన్యువల్, కొత్త బ్యాటరీ నా ఖాతాలోనే.

మర్రిపాలెం_మూర్తి:
మన పత్రికల్లో బ్యాంకుల వేలం ప్రకటనలు చూడండి, రిజర్వు ధర పైనే అచ్చువేస్తారు. మన పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ప్లాట్లకు కూడా అప్‌సెట్ ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, ముందే చెబుతారు. పాతకాలపు సర్కారు పాట కూడా అంతే, అక్కడి నుంచే మొదలు. కార్లకు ఈ దాపరికం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

లాసన్స్‌బే_రోడ్‌స్టర్:
మూర్తిగారూ, దాచకపోతే అందరూ ఆ అంకె దగ్గరే ఆగుతారని వాళ్లు చెప్పారు. ఇంకో సందేహం. మా బావమరిదికి కూడా ఖాతా తెరిపించి, పాట నీరసపడినప్పుడు రెండుసార్లు పెంచమంటే? రిజర్వు గొడవే ఉండదు కదా.

సీతమ్మధార_వకీలు:
ఆ ఆలోచన మానుకోండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ మొత్తం వేలం గురించే. రిజర్వు ఉందని ముందే ప్రకటించి పెట్టుకోవచ్చు. అమ్మేవాడు తాను పాడే హక్కు ఉంచుకుంటే అదీ బహిరంగంగా చెప్పాలి. చెప్పకుండా మీ మనిషి చేత పాడిస్తే కొన్నవాడు దాన్ని మోసంగా పరిగణించవచ్చు, ధర పెంచడానికే దొంగపాట పాడించారని తేలితే కొనుగోలును రద్దు చేసుకోవచ్చు. పైగా సుత్తి పడేవరకూ ఏ పాటదారైనా తన పాట వెనక్కి తీసుకోవచ్చు. వీటి మీద సంస్థ నిబంధనలు ఏం చెబుతున్నాయో సంతకానికి ముందు చదవండి. మీ బావమరిది కన్నా రిజర్వు మర్యాదైన మార్గం.

డల్లాస్_తమ్ముడు:
మా అన్నయ్య ఇక్కడ అమెరికాలో తన పాత మాజ్డా మియాటాను, అదీ రెండు సీట్ల బండే, బ్రింగ్ ఎ ట్రెయిలర్ అనే ఆన్‌లైన్ వేలం సైటులో రిజర్వు లేకుండానే అమ్మాడు. ఆఖరి రెండు నిమిషాల్లో పాట పడితే గడువు మళ్లీ రెండు నిమిషాలు పెరుగుతుంది, కాబట్టి చివరి క్షణంలో దొంగదెబ్బ కుదరదు. చివర్లో అయిదుగురు పోటీపడ్డారు. కానీ ఇక్కడ మియాటా కావాలనేవాళ్లు వీధికొకరు. విశాఖలో ఉన్న జడ్4కు ఎంతమంది వస్తారన్నదే అసలు ప్రశ్న.

ఏయూ_పాతకాపు:
డల్లాస్ తమ్ముడు సరైన చోట వేలు పెట్టాడు. నేను అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని, కాస్త లెక్క భరించండి. ఒక్కో పాటదారు మనసులోని ధర 0 నుంచి 30 లక్షల మధ్య ఎక్కడైనా ఉండవచ్చనుకుందాం. రెండోవాడు ఆగిన చోటే ధర తేలుతుంది కాబట్టి, ఇద్దరే ఉండి రిజర్వు లేకపోతే మీకు సగటున వచ్చేది 10 లక్షలు. 15 లక్షల రిజర్వు పెడితే సగటు 12.5 లక్షలకు పెరుగుతుంది, కానీ నాలుగింట ఒకసారి బండి ఇంటికే తిరిగివస్తుంది. ఇప్పుడు రిజర్వు తీసేసి మూడో మనిషిని తీసుకురండి, సగటు 15 లక్షలు. బులో, క్లెంపరర్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 1996లో చూపించింది ఇదే: ఎంత తెలివిగా రిజర్వు పెట్టినా, అదనంగా వచ్చే ఒక్క పాటదారుకు సాటిరాదు. మీరనుకుంటున్న 24 లక్షల రిజర్వు ఆ మూడో మనిషిని కూడా తరిమేయగలదు. ఎంత పాడినా ‘అందలేదు’ అని కనిపిస్తుంటే ఎవరికి ఓపిక ఉంటుంది?

ఆటోనగర్_స్పానర్:
సార్ చెప్పిన మూడో మనిషి ఎక్కడినుంచి వస్తాడో నేను చెబుతా. విశాఖ బండి అనగానే బయటివాళ్లు మొదట అడిగేది తుప్పు. మీది లాసన్స్ బే, ఉప్పుగాలి నేరుగా తగిలే చోటు. బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించి కిందిభాగం ఫొటోలు తీయండి, బ్రేకు పైపులు, సైలెన్సర్ జాయింట్లు దగ్గరగా. మచ్చ ఉంటే ఉన్నట్టే చూపించండి. టాపు తెరుచుకునేది ఆపకుండా ఒక్క వీడియోలో తీయండి, 20 సెకన్ల పని. మధ్యలో ఆగిందా, లక్షల్లో తేడా.

ఇంకో మాట. కొనేవాడు కర్ణాటకవాడైతే ఇక్కడి ఎన్‌వోసీ తీసుకుని అక్కడ పన్ను మళ్లీ కట్టాలి. 2027లో బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్. వాడు పాడే అంకెలోంచి ఇవన్నీ ముందే కోసేసి పాడతాడు. మీ రిజర్వు కూడా ఆ కోతలు పోయాకే లెక్క కట్టండి.

లాసన్స్‌బే_రోడ్‌స్టర్:
నెల తర్వాత వచ్చాను, క్షమించండి. డీలర్ ఇచ్చే 16 లక్షలకు, బండి ఇంకో ఏడాది షెడ్డులో ఉంచుకునే ఖర్చుకు మధ్య కూర్చుని 18.5 పెట్టాను. దానికన్నా తక్కువైతే నేనే నడుపుకుంటానని నిజంగా అనిపించిన అంకె అదే. కిందిభాగం ఫొటోలు ముప్పై పెట్టాను, ఎడమవైపు తుప్పు మచ్చతో సహా. ప్రశ్నల్లో సగం ఆ మచ్చ గురించే. పాట 17.9 దగ్గర ఆగింది. ఎంవీపీ అన్న గుర్తొచ్చి ఫోన్ ఎత్తాను. కోయంబత్తూరు మనిషి రెండు అడుగులు పైకి, నేను కొంచెం కిందికి, 18.2కు కుదిరింది. మా బావమరిది ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

రేపు ఎన్‌వోసీకి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాలి. ఈ సాయంత్రం టాపు తెరిచి భీమిలి వరకూ ఒక్కడినే వెళ్లి వచ్చాను. ఇంటికి రాగానే మా ఆవిడ ఫోనులో ఏడు సీట్ల బండ్ల ధరలు చూపించింది.