దేవునికి ఏ లోటూ లేకపోతే మన కోసం బాధ ఎందుకు? యువతకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. బొబ్బిలి దగ్గర ఒక చిన్న సంఘంలో యువతకు బైబిలు పాఠం చెబుతుంటాను. దేవునికి ఏమీ కొదువ లేదని, మనుషుల సేవ ఆయనకు అవసరమై కాదని పౌలు ఏథెన్సులో అన్న మాట (అపొస్తలుల కార్యములు 17:25) ఈమధ్య చెప్పాను. డిగ్రీ చదివే ఒకమ్మాయి వెంటనే, "మనం లేకపోయినా ఆయనకు తక్కువేం కాదంటే, ఇక ప్రేమించడం దేనికి సార్?" అంది.

లోకం పుట్టకముందే తండ్రి కుమారుణ్ణి ప్రేమించాడు (యోహాను 17:24), కాబట్టి ఒంటరితనంతో మనల్ని చేయలేదు, అవసరం లేకున్నా ఇచ్చాడు కాబట్టే అది ఉచితమైన ప్రేమ అన్నాను. కట్నాల బేరాలు చూస్తూ పెరిగిన పిల్లలు కదా, ఈ మాట బాగానే పట్టుకున్నారు.

కానీ ఆ అమ్మాయి హోషేయ 11:8 తీసింది. అక్కడ ఎఫ్రాయిమును, అంటే తనకు దూరమైన ఇశ్రాయేలు ప్రజలను, వదల్లేక దేవుడు తల్లడిల్లుతున్నాడు. లోటు లేనివాడికి ఆ వేదన ఎక్కడిది? దేవుడు బాధకు లోనుకాడని పాత వేదాంతులు, సిలువలో తండ్రి కూడా బాధపడ్డాడని జర్మన్ వేదాంతి మోల్ట్‌మన్ లాంటివారు అన్నారు. నాకు రెండో మాటే దగ్గరగా అనిపిస్తుంది, కానీ అప్పుడు మొదటి పాఠం ఏమవుతుందో!

ఇంకోటి. కోత పండుగకు మా పెద్దవాళ్లు బియ్యం, గుమ్మడికాయలు తెచ్చి, దేవుడి బాకీ తీరిందంటారు. వాళ్ల భక్తిని చిన్నబుచ్చకుండా, "నాకు ఆకలైనా నీతో చెప్పను, లోకమంతా నాదే" అని దేవుడు అనే 50వ కీర్తన 12వ వచనం పిల్లలకు ఎలా వివరించాలి? పాస్టర్లు, వేదాంతం చదివినవాళ్లు దయచేసి తేలిక మాటల్లో చెప్పండి.