టూర్‌కి వింగెగార్డ్ నిజంగా రెడీనా, లేక వేరే దిక్కులేక తెస్తున్నారా?

సీమ_సైక్లిస్ట్ (27 జూన్ 2024)
శనివారం ఫ్లోరెన్స్‌లో టూర్ డి ఫ్రాన్స్ మొదలు, మూడు వారాల సైకిల్ రేసు. విస్మా టీమ్ లిస్టులో గత రెండు టూర్‌లూ గెలిచిన డెన్మార్క్ రైడర్ వింగెగార్డ్ పేరు చూసి అందరూ పండగ చేసుకుంటున్నారు. నాకైతే అనుమానమే.

ఏప్రిల్ 4న బాస్క్ ప్రాంతంలో, ఇట్జూలియా రేసు నాలుగో స్టేజ్‌లో (నాలుగో రోజు పోటీలో), కొండ దిగుడులో పడ్డాడు. కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తి దెబ్బతింది. 12 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. రోడ్డు పక్క కాంక్రీటు కాలువ దగ్గర కదలకుండా పడి ఉండటం, తర్వాత మెడకి పట్టీ, మొహానికి ఆక్సిజన్ మాస్క్‌తో స్ట్రెచర్ ఎక్కించడం, అన్నీ లైవ్‌లో చూశాం కదా. అప్పట్నుంచి ఒక్క రేసు కూడా తొక్కలేదు. టూర్‌కి ముందు జరిగే రేసులు డోఫినే లేదు, టూర్ డి స్విస్ లేదు. నేరుగా టూర్‌కే వస్తున్నాడు.

పూర్తిగా సిద్ధమైతేనే తెస్తామని టీమ్ మొదట్నుంచీ చెప్తోంది. మరి సిద్ధమైనట్టు ఎవరు చూశారు? టిన్య్ కొండల మీద ట్రైనింగ్ చేసిన ఫొటోలు తప్ప మన దగ్గర ఏముంది? మీరేమంటారు?

పెడల్‌పిచ్చి
అన్నా, ఫొటోలు పక్కన పెట్టండి. పడకముందు ఎలా ఉన్నాడో గుర్తుందా? ఫిబ్రవరిలో ఓ గ్రాన్ కమీనో రేసు గెలిచాడు, మార్చిలో తిర్రెనో–అద్రియాతికో రేసు గెలిచాడు. ఆ స్థాయి నుంచి పడినవాడు మామూలు రైడర్ స్థాయికి రాడు. పైగా రైడర్ ఎంత పవర్‌తో తొక్కుతున్నాడో విస్మా వాళ్లకి ప్రతి వాట్ లెక్క తెలుసు. నంబర్లు రాకపోతే ఇంట్లోనే ఉంచేవాళ్లు.

ఇంకోటి. అదే క్రాష్‌లో పడిన రోగ్లిచ్ మొన్న డోఫినే గెలిచాడు.

సీమ_సైక్లిస్ట్
రోగ్లిచ్‌కి ఎముకలు విరగలేదు తమ్ముడూ. అయినా చివరి రోజు ఎలా ఉన్నాడో చూశావుగా, జోర్గెన్సన్ మీద 8 సెకన్లతో గట్టెక్కాడు. పోల్చాలంటే అదే క్రాష్‌లో పడిన ఎవెనెపోల్‌తో పోల్చు. అతనికి కాలర్ బోన్, భుజం ఎముక విరిగాయి. డోఫినేలో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే స్టేజ్) గెలిచాడు, కొండలొచ్చేసరికి వెనకబడి ఏడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. దెబ్బ తిన్నవాడు ఫ్లాట్ రోడ్డు మీద బాగానే ఉంటాడు. కొండే నిజం చెప్తుంది.

గుంటూరు_గేర్
ఇదంతా ఎందుకు? వింగెగార్డ్ ప్రధాన ప్రత్యర్థి, స్లొవేనియా రైడర్ పొగాచర్ గెలుస్తాడు. నిద్రపోండి.

ఛాతీ_వైద్యుడు
ఊపిరితిత్తి గురించి చాలామంది భయపడుతున్నారు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ఇతనికి జరిగింది న్యుమోథొరాక్స్. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరి, ఊపిరితిత్తి ముడుచుకుపోవడం. ఆ గాలి తీసేశాక మళ్లీ విచ్చుకుంటుంది. వయసులో ఉన్న ఆరోగ్యవంతుడికి సాధారణంగా శాశ్వత నష్టం మిగలదు. పక్కటెముకలు కూడా నెలా నెలన్నరలో అతుక్కుంటాయి. కాబట్టి "ఒక ఊపిరితిత్తితో తొక్కుతున్నాడు" లాంటి మాటలు వద్దు.

నా అనుమానం వేరే చోట ఉంది. మంచం మీద పడుకుంటే మొదట తగ్గేది ఒంట్లో రక్తం పరిమాణం. రెండు వారాలు చాలు. దాంతో గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తమూ తగ్గుతుంది. అది తిరిగొస్తుంది, ఎత్తు ప్రదేశాల్లో క్యాంపులు పెట్టేది కొంత అందుకే. కానీ ఐదారు గంటలు తొక్కాక కూడా చివరి కొండ మీద అదే పవర్ ఇవ్వగలిగే శక్తి మాత్రం నెలల తరబడి పేర్చుకోవాల్సింది. మే మొదట్లో రోడ్డెక్కినవాడికి అంత టైమ్ దొరికిందా అన్నదే ప్రశ్న.

పెడల్‌పిచ్చి
డాక్టరు గారూ, థ్యాంక్స్. కానీ పొగాచర్ కూడా తాజాగా ఏం లేడు కదా. మే 26 దాకా జీరో డి ఇటాలియాలో (ఇటలీలో జరిగే మూడు వారాల రేసు) ఉన్నాడు. ఆరు స్టేజ్‌లు గెలిచి, రెండోవాడి మీద 9 నిమిషాల 56 సెకన్లు సంపాదించాడు, నిజమే. కానీ 1998లో పంతానీ తర్వాత ఒకే ఏడాది జీరో, టూర్ రెండూ గెలిచినవాడు లేడు. 2015లో కొంతదోర్ జీరో గెలిచి టూర్‌లో ఐదో స్థానం. 2018లో ఫ్రూమ్‌కి మధ్యలో ఆరు వారాల విశ్రాంతి దొరికింది, అయినా మూడో స్థానమే. ఈసారి మధ్యలో ఐదు వారాలు కూడా నిండలేదు.

గుంటూరు_గేర్
ఫ్రూమ్ ఆ జీరోని ఫినెస్ట్రే కొండ మీద ఒంట్లో ఉన్నదంతా ఊడ్చి గెలిచాడు. మావాడు ఈ జీరోని ఈవినింగ్ వాక్‌లా గెలిచాడు. తేడా లేదా?

కోపెన్‌హాగెన్_కోడలు
ఇక్కడ డెన్మార్క్‌లో పరిస్థితి చెప్తా. 2022లో టూర్ ఇక్కడే మొదలైంది, అదే ఏడాది వీళ్ల అబ్బాయి గెలిచి తిరిగొచ్చాడు. కోపెన్‌హాగెన్ వీధుల్లో జనాన్ని మీరు చూడాల్సింది. ఒకప్పుడు హాన్స్ట్‌హోమ్‌లో పొద్దున్నే చేపల పని చేసుకుని తర్వాత ట్రైనింగ్‌కి పోయిన కుర్రాడు కదా, అందుకే వీళ్లకి అంత అభిమానం. అయినా ఈసారి మా ఆఫీసులో ఎవరూ "గెలుస్తాడు" అనడం లేదు. "ముందు స్టార్ట్ లైన్ దగ్గర నిలబడనీ" అంటున్నారు. సొంత ఊరివాళ్లకే ఆశ తక్కువగా ఉంటే, మనం ఇక్కడ పందేలు కడుతున్నాం :)

మూడోవారం
అందరూ "ఫామ్ ఉందా లేదా" అని ఒకే ప్రశ్నగా అడుగుతున్నారు. మొదటి వారం ఫామ్ వేరు, మూడో వారం ఫామ్ వేరు. దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, పోయినేడాది పొగాచర్‌నే చూడండి.

2023 ఏప్రిల్ 23న లీజ్ రేసులో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. టూర్‌కి ముందు తొక్కింది స్లొవేనియా జాతీయ పోటీలు మాత్రమే. అప్పుడూ ఇక్కడ ఇలాగే కొట్టుకున్నాం. మరి టూర్‌లో ఏమైంది? ఆరో స్టేజ్‌లో కొతెరె మీద వింగెగార్డ్‌ని వదిలేసి గెలిచాడు. పుయ్ ద డోమ్ మీద 8 సెకన్లు లాగాడు. 15 స్టేజ్‌లు అయ్యేసరికి తేడా 10 సెకన్లు. మణికట్టు సంగతి అందరం మర్చిపోయాం.

తర్వాత కొంబ్లూ టైమ్ ట్రయల్. 22.4 కిలోమీటర్లలో పొగాచర్‌కి 1 నిమిషం 38 సెకన్లు పోయాయి. పొగాచర్ కొండ మొదట్లో ఆగి సైకిల్ మార్చాడు, వింగెగార్డ్ మార్చకుండా అదే టైమ్ ట్రయల్ సైకిల్ మీద పైకి పోయాడు. అయితే అంత తేడా సైకిల్ మార్చడం వల్ల వచ్చింది కాదు. మర్నాడు కోల్ ద లా లోజ్ కొండ. పొగాచర్ తెల్ల జెర్సీ జిప్ మొత్తం తీసేసి, మొహం పాలిపోయి, రేడియోలో తన పని అయిపోయిందని తనే చెప్పాడు. పక్కన టీమ్‌మేట్ సోలేర్ ఒక్కడే మిగిలి పైదాకా లాక్కెళ్లాడు. ఆ ఒక్క రోజులో 5 నిమిషాల 45 సెకన్లు పోయాయి.

కాబట్టి వింగెగార్డ్ మొదటి వారంలో బాగా కనిపిస్తే "చూశారా, రెడీ" అని ఎగరొద్దు. ట్రైనింగ్ కోల్పోయినవాడికి బిల్లు చివర్లో వస్తుంది. ఇక్కడ అసలు ఇబ్బంది ఏంటంటే, వింగెగార్డ్ పొగాచర్‌ని రెండుసార్లు ఓడించింది చిన్న ఎగుడుల మీద కాదు. గ్రానోన్, ఓటకమ్, లోజ్, అంటే పొడవాటి కొండల మీద, అలసిపోయిన కాళ్లతో. డాక్టరు గారు చెప్పిన ఆ శక్తే అతని ఆయుధం. ఆ ఆయుధానికే తుప్పు పట్టి ఉండొచ్చు.

పెడల్‌పిచ్చి
అదే లాజిక్ పొగాచర్ మీద కూడా పెట్టండి. జీరో అలసట కూడా మూడో వారంలోనే బయటపడుతుంది కదా?

మూడోవారం
బయటపడొచ్చు. కాదనను. బోనెట్ కొండ మీద, 2802 మీటర్ల దగ్గర, ఎవరి కాళ్లలో ఎంత మిగిలిందో తెలుస్తుంది. అది 19వ స్టేజ్. కానీ అలసిపోయినవాడికి విశ్రాంతి ఇస్తే తేరుకుంటాడు. చేయని ట్రైనింగ్‌ని విశ్రాంతి తీసుకొచ్చి ఇవ్వదు.

సీమ_సైక్లిస్ట్
ఇప్పుడే చూశా, ఫ్లోరెన్స్ ప్రెస్ మీట్‌లో పొగాచర్ పది రోజుల క్రితం కోవిడ్ వచ్చి తగ్గిందన్నాడు. పెద్దగా ఇబ్బంది లేదంట.

పెడల్‌పిచ్చి
అదిగో!

గుంటూరు_గేర్
తగ్గిందన్నాడు బాబూ, వచ్చిందన్నాడని ఒక్కటే పట్టుకుంటే ఎలా. పైగా ఆ కోవిడ్ మీ విస్మా టీమ్‌నే ఎక్కువ కొట్టింది. కుస్ అసలు రావట్లేదు. కొండల్లో వింగెగార్డ్‌ని చివరిదాకా లాగేది అతనే. వాన్ ఆర్ట్ మార్చిలో పడి ఛాతీ ఎముక, పక్కటెముకలు విరగ్గొట్టుకుని ఇప్పుడిప్పుడే లేచాడు. జోర్గెన్సన్ ఒక్కడు బాగున్నాడు. అవతల పొగాచర్ టీమ్‌లో ఆడమ్ యేట్స్, అల్మేడా ఇద్దరూ స్విస్‌లో మొదటి రెండు స్థానాలూ పంచుకుని వస్తున్నారు, వాళ్లు కాక ఆయుసో. వింగెగార్డ్ 100 శాతం ఉన్నా ఒంటరిగా ఏం చేస్తాడు?

కోపెన్‌హాగెన్_కోడలు
ఇది మాత్రం నిజం. ఫామ్ గురించి ఇంతసేపు కొట్టుకున్నాం కానీ, నాకు భయం వేసేది టీమ్‌ని చూసే.

సీమ_సైక్లిస్ట్
నాకు ఇంకో భయం ఉంది, దానికి వాట్లు ఉండవు. కొండ దిగే దారులు. అంత దెబ్బ తిన్న మూడు నెలలకే, నాలుగో రోజున గాలిబియే కొండ ఎక్కి, 2642 మీటర్ల నుంచి వల్వార్‌కి దిగాలి. కింద ఫినిష్. పొగాచర్ పైన పది సెకన్లు తీసినా, దిగుడులో బ్రేక్ మీద వేలు పడితే అది ముప్పై అవుతుంది. ల్యాబ్‌లో కొలిచేది కాదిది.

ఛాతీ_వైద్యుడు
ఒప్పుకుంటా. పేషెంట్లలో చూస్తాను, ఎక్స్‌రే బాగైన చాలా రోజులకి గానీ మనిషి మళ్లీ బండెక్కడు.

పెడల్‌పిచ్చి
సరే, అంత దూరం ఎందుకు. ఆదివారం రెండో స్టేజ్, బొలోన్యాలో శాన్ లూకా రెండుసార్లు ఎక్కాలి. సుమారు 2 కిలోమీటర్లు, 10 శాతం దాటిన వాలు. పొగాచర్ అక్కడ అటాక్ చేయకుండా ఉండడు. వింగెగార్డ్ అతని వెనకే అంటుకుని పోగలిగితే సీమ అన్న ఇక్కడికొచ్చి "రెడీ" అని రాయాలి. మనకి రాత్రి తొమ్మిది లోపు తేలిపోతుంది.

సీమ_సైక్లిస్ట్
రాయను. ఐదారు నిమిషాల కొండ అది, మూడోవారం గారు పైన చెప్పింది అదే కదా. మంగళవారం గాలిబియే అయ్యాక మాట్లాడదాం. అంతదాకా నన్ను ట్యాగ్ చేయొద్దు.

గుంటూరు_గేర్
ఆదివారం రాత్రి 9:01కి ట్యాగ్ చేస్తా.