ఓపెన్ ఆర్మ్‌లో గడిపిన సమయమే ఆందోళనకు కొలతా?

ప్రశ్న (ఎం.ఫార్మసీ విద్యార్థిని, విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. ఒక మొక్క సారానికి ఆందోళనను తగ్గించే గుణం ఉందేమోనని చిట్టెలుకలపై ఎలివేటెడ్ ప్లస్ మేజ్‌తో (నేలకు ఎత్తున ఉండే కూడిక గుర్తు ఆకారపు వేదిక; రెండు చేతులకు గోడలుంటాయి, గోడలు లేని రెండూ ఓపెన్ ఆర్మ్‌లు) పరీక్షిస్తున్నాను. కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు ఇచ్చినవి, మందు ఇవ్వని గుంపు కంటే ఓపెన్ ఆర్మ్‌లలో ఎక్కువసేపు తిరిగాయి. 400 ఇచ్చినవి మందు ఇవ్వని గుంపు కంటే కూడా తక్కువసేపే ఉన్నాయి. పోలిక కోసం ఆందోళన తగ్గించే తెలిసిన మందు డయాజిపామ్ ఇచ్చిన గుంపు ఊహించినట్టే ఓపెన్ ఆర్మ్‌లలో ఎక్కువసేపు ఉంది. పెద్ద మోతాదు ఆందోళనను పెంచిందని థీసిస్‌లో రాయవచ్చా?

జవాబు (ఫార్మకాలజీ అధ్యాపకుడు)
అప్పుడే రాయకమ్మా. గోడలున్న క్లోజ్డ్ ఆర్మ్‌లలోకి అవి ఎన్నిసార్లు వెళ్లాయో ముందు చూడు. ఆ లెక్క కూడా పడిపోయి ఉంటే అది భయం కాదు, మత్తు కావచ్చు. ఎందుకంటే ఎత్తుకూ బహిరంగ ప్రదేశానికీ జంకే ఎలుక గోడల చాటున చురుకుగానే తిరుగుతుంది గాని, మత్తెక్కినది ఎక్కడా తిరగదు. యాక్టోఫోటోమీటర్‌తో కదలికలను, రోటారాడ్‌తో కండరాల పట్టును వేరుగా కొలిచాకే ఏదైనా చెప్పగలం.

జవాబు (పరిశోధక విద్యార్థి)
ఆ కొలతలకు కొత్త ఎలుకలను తీసుకోండి. ఒకసారి మేజ్ ఎక్కినదాన్ని మళ్లీ ఎక్కిస్తే డయాజిపామ్ వంటి మందు కూడా సరిగా పనిచేయదు. పైగా, మా ప్రయోగశాల విమానాశ్రయానికి దగ్గరగా, ఎన్.ఏ.డి. కూడలి వైపు ఉన్నందున విమానం లేచిన ప్రతిసారీ ఎలుకలు బిగుసుకుపోయేవి. పరీక్ష 5 నిమిషాలే కనుక ఒక్క రొద చాలు, ఫలితం తారుమారవుతుంది. వెలుతురు, వేళ, ముందు ఎలుక వదిలిన వాసన కూడా గమనించండి.

జవాబు (ఔషధ సంస్థలో పనిచేసి విరమించినవాడు)
మరొక మాట. ఈ మేజ్‌ను 1985లో పెల్లో, ఫైల్ తదితరులు ఎలుకలపై నిర్ధారించినప్పుడు డయాజిపామ్ తరహా మందులే ప్రధాన ఆధారం. అందుకే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం ద్వారా పనిచేసే మరో ఆందోళన మందు బుస్పిరోన్‌కు ఇందులో ఒక్కోచోట ఒక్కో ఫలితం వస్తుంది, రోగులకు అది ఉపయోగపడుతున్నా సరే. మీ 200 మోతాదు ఫలితాన్ని లైట్-డార్క్ బాక్స్‌లో (సగం వెలుతురు, సగం చీకటి ఉండే పెట్టె) కూడా చూడండి. డయాజిపామ్ తరహా మందులను (బెంజోడయాజిపైన్లు) అడ్డుకునే ఫ్లూమజెనిల్ ముందుగా ఇస్తే ఆ ప్రభావం పోతుందా లేదా అన్నది తేలితే, సారం బెంజోడయాజిపైన్ గ్రాహకం మీద పనిచేస్తోందో లేదో కొంత తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని
లెక్కలు తీశాను. 400 గుంపు క్లోజ్డ్ ఆర్మ్‌లలోకి వెళ్లిన సంఖ్య కూడా దాదాపు సగానికి పడిపోయింది. అదనపు ఎలుకల కోసం మా జంతు నైతిక సంఘానికి దరఖాస్తు పెడుతున్నాను. అనుమతి వచ్చేవరకు ఆ వాక్యం థీసిస్‌లోకి ఎక్కదు.