పాత బ్యాండు రీళ్లకు ఏఐ రంగులు: చూడొచ్చా, చూడకూడదా?

పాతరీలు
మొన్న రాత్రి నిద్రపట్టక ఫోను తిప్పుతుంటే రెండు నిమిషాల క్లిప్పు ఒకటి తగిలింది. నల్ల సూట్లలో పదిమంది వాయిద్యగాళ్లు, వాళ్ల వెనక తెల్లటి మెట్లు, ఆ మెట్ల మీంచి దిగుతూ ఒకే ఎత్తుకి కాళ్లు విసురుతున్న అమ్మాయిలు. అమెరికాదే, 1930 చుట్టుపక్కల అయ్యుంటుంది. ఏ బ్యాండో రాయలేదు. ఆరుసార్లు చూశాను. ఏడోసారికి యూట్యూబే అదే క్లిప్పుని రంగుల్లో, సెకనుకు 60 ఫ్రేముల్లో (అంటే 60 బొమ్మలు), మరీ పదునైన '4కే'లో తెచ్చి ముందు పెట్టింది.

అబద్ధమెందుకు, చూడగానే బాగుందనే అనుకున్నాను. కాసేపటికి ఏదో తేడా కొట్టింది. అమ్మాయిలందరూ ఒక తల్లి పిల్లల్లా అయిపోయారు. అసలు దాంట్లో ఎడమ నుంచి మూడో అమ్మాయి నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతుంది. చివరి అమ్మాయి అర తాళం వెనకబడి గబగబా అందుకుంటుంది. రంగుల దాంట్లో ఆ నవ్వూ లేదు, ఆ తొట్రుపాటూ లేదు.

ఇలా మార్చినవి చూడటం, నలుగురికీ పంపడం తప్పంటారా? లేక నాదే చాదస్తమా?

తెనాలి బుల్లోడు
చాదస్తమేనండీ, ఏమనుకోకండి. 2010లో మాయాబజార్‌ని రంగుల్లో వేస్తే ఎగబడి చూశాం కదా? మావాడు నలుపు తెలుపంటే రెండు నిమిషాలు కూర్చోడు. రంగుల ఘటోత్కచుణ్ణి చూసి కదల్లేదు. తర్వాత వాడే అడిగి పాతది కూడా చూశాడు. మీ క్లిప్పు రంగుల్లో చూసినవాళ్లలో పదిమంది అసలుది వెతుక్కున్నా లాభమే కదా. ఎవరి సొమ్మూ పోలేదు, పాత ఫిల్ము ఎక్కడున్నది అక్కడే ఉంది.

ట్రంపెట్ మావయ్య
బుల్లోడు గారూ, మాయాబజార్‌కి హైదరాబాదులో మనుషులు కూర్చుని ఏ చీరకి ఏ రంగో ఆలోచించి వేశారు. నచ్చినా నచ్చకపోయినా అదొక పని. ఇక్కడ జరుగుతున్నది ఒక్క నొక్కుతో రంగులు కుమ్మరించడం. రెంటినీ ఒక గాటన కట్టకండి.

ఈ రకం ఫిల్ముల్లో రంగుల మాటొస్తే నాకు 1930 నాటి 'కింగ్ ఆఫ్ జాజ్' గుర్తొస్తుంది. యూనివర్సల్ వాళ్లు పాల్ వైట్‌మన్ బ్యాండుని పెట్టి తీశారు. కథా కాకరకాయా లేదు, పాట మీద పాట, ఆట మీద ఆట. కుర్ర బింగ్ క్రాస్బీ ముగ్గురు పాటగాళ్లలో ఒకడిగా కనిపిస్తాడు. అప్పటికే అది మొత్తం టెక్నికలర్, అంటే రంగుల్లోనే తీసిన ఫిల్ము. కాకపోతే ఆనాటి టెక్నికలర్‌కి తెలిసినవి రెండే, ఎరుపూ ఆకుపచ్చా. నీలం పట్టే దారి లేదు. మరి ఆ సినిమాకి గుండెకాయ ఏమిటి? స్వరకర్త గెర్ష్విన్ కట్టిన 'రాప్సడీ ఇన్ బ్లూ'! 1924లో మొదటిసారి దాన్ని వేదిక మీద వినిపించింది వైట్‌మన్ బ్యాండే, వదులుకోలేడు. పేరులో నీలం ఉంది, ఫిల్ములో నీలం లేదు.

దర్శకుడు జాన్ మరే ఆండర్సన్, కళాదర్శకుడు హెర్మన్ రాస్ గుడ్డలూ రంగులూ పరీక్షించి పరీక్షించి, వెండి, బూడిద రంగుల సరసన ఒక రకం ఆకుపచ్చని నిలబెట్టారు. నెమలి మెడ రంగనుకోండి. కన్ను దాన్నే నీలమని ఒప్పుకుంటుంది. ఆ ఏడాది కళాదర్శకత్వానికి ఆస్కారు రాస్‌కే వచ్చింది. ఇప్పుడెవరో దాన్ని ఏఐలో వేసి నిఖార్సయిన ఆకాశనీలం చేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ ఇద్దరూ పడిన తంటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఇంకో ముక్క. 1933లో ఆ సినిమాని మళ్లీ వదిలినప్పుడు అడ్డంగా కోసేశారు. 2016లో యూనివర్సలే దొరికిన ముక్కలన్నీ ఏరి అతికించింది. బొమ్మ దొరకని చోట స్టిల్ ఫొటో పెట్టి ఊరుకున్నారు, లేని డాన్సు పుట్టించలేదు. మరమ్మతంటే అదండీ.

గోల్కొండ గల్లీ
జర నన్ను గూడ చెప్పనియ్యిండ్రి, నేను గివే ఏఐ మోడళ్ల మీద పని చేస్తా. అందరు రంగుల కాడ కొట్లాడుతున్నరు, అసలు ఖరాబు చేసేది 60 ఫ్రేములు.

మూకీల కాలంల కెమెరా చేత్తోని తిప్పెటోళ్లు. వేగం ఒక్క తీరుగ ఉండకపోతుండె. అందుకే మనం చూస్తే మనుషులు ఉరుకుతున్నట్టు కొడ్తది. దాన్ని సక్కజేస్తే అర్థముంది. మొదటి ప్రపంచయుద్ధం రీళ్లకు సినిమా డైరెక్టరు పీటర్ జాక్సన్ చేసిండు, నాకు నచ్చింది. గని టాకీ వచ్చినంక లెక్క వేరు. చప్పుడు సరిగ రావాలంటే వేగం మారొద్దు, అందుకని సెకనుకు 24 ఫ్రేములని ఖాయం చేసిన్రు. అంటే పాతరీలు అన్న చూసిన క్లిప్పుల వేగం తప్పే లేదు, సక్కజేసేందుకు ఏం లేదు. 24ను 60 చేసిన్రంటే సెకనుకు తక్కువల తక్కువ 36 బొమ్మలు మిషిను పుట్టించినయే.

మెల్లగ నడిచే మనిషైతే మిషిను మోసం దొరకది. ట్యాప్ డాన్సుల కాలు ఒక ఫ్రేముల నేల మీద, ఇంకో ఫ్రేముల మోకాలెత్తున. నడుమ ఏమైందో మిషినుకేమెరుక? నునుపుగ జార్చేస్తది. బూటు 'టక్' మంటది, కాలేమో నీళ్లల్ల తేలినట్టుంటది. మొఖాలు గూడ గంతే. అసలు రీలుల మొఖమంటే గోరంత మసక. బాగు చెయ్యమంటే, అది నేర్చుకున్న లక్షల ఫొటోలల్లకెల్లి ఒక సక్కని మొఖం తెచ్చి అతికిస్తది. అందుకే అక్కచెల్లెండ్ల లెక్క కనవడ్డరు.

అద్దంలో చందమామ
మీరంతా రంగూ ఫ్రేమూ అంటున్నారు. నా ఇబ్బంది వేరు. ఇరవైమంది అమ్మాయిల్ని వరసలో నిలబెట్టి కాళ్లు చూపించిన ఫిల్ముల్ని ఇంత భక్తిగా కాపాడాలా? మన క్లబ్ డాన్సుల్ని తిట్టే నోళ్లే నలుపు తెలుపు అనేసరికి 'కళ' అంటాయి.

డల్లాస్ పిన్ని
చందమామా, నీ కోపం సబబే, కాదనను. అయితే పదేళ్లు కూచిపూడి నేర్చుకుని, బృందంలో మూడో వరసలో ఆడినదాన్ని. నేను ఆ వరసని చూసేటప్పుడు కాళ్లు చూడను, పక్కవాళ్ల భుజాన్ని కంటి చివర్నుంచి ఎలా కొలుచుకుంటున్నారో చూస్తాను. 'కింగ్ ఆఫ్ జాజ్'లో ఆడిన బృందం రసెల్ మార్కర్ట్‌ది. న్యూయార్క్ రేడియో సిటీ హాల్లో ఇప్పటికీ ఆడే 'రాకెట్స్' అనే డాన్సు బృందం కూడా ఆయన మొదలుపెట్టినదే. అందరూ ఒకే ఎత్తులా కనిపించడానికి పొడుగువాళ్లని మధ్యలో, పొట్టివాళ్లని చివర్లలో పెడతారు. ఒకేలా కనిపించడం వాళ్ల ఒళ్లు హూనం చేసుకుని తెచ్చుకున్న విద్య. దాన్నే మిషను ఉచితంగా ఇచ్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. (ఆ 'ఒకేలా'లో ఇంకో సంగతి కూడా ఉంది. రాకెట్స్‌లోకి మొదటి నల్లజాతి అమ్మాయిని తీసుకున్నది 1987లో.)

రంగు విషయంలో నాకు పట్టింపు ఎందుకంటే, 1929లో 'బ్లాక్ అండ్ టాన్' అని ఇరవై నిమిషాలు కూడా లేని చిన్న సినిమా వచ్చింది. డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండూ, గ్రూప్ డాన్సర్లూ ఉంటారు. ఎలింగ్టన్ అప్పుడు న్యూయార్క్ హార్లెంలో కాటన్ క్లబ్బులో వాయిస్తున్నాడు. వాయించేదీ ఆడేదీ నల్లవాళ్లు, బల్లల దగ్గర కూర్చునేది తెల్లవాళ్లు. డాన్సర్లని తీసుకునేటప్పుడు పొడవు చూసేవారు, ఒంటి ఛాయ చూసేవారు. ముదురు రంగైతే వెనక్కి పంపడమే.

సినిమాలో నాయిక ఫ్రెడీ వాషింగ్టన్. గుండెజబ్బుతోనే ఆడి కుప్పకూలే పాత్ర. ఆవిడ తెల్లదాన్నని చెప్పుకుంటే ఎవరూ అనుమానించరు, అంత లేత ఛాయ. చెప్పుకోలేదు. 1933లో 'ఎంపరర్ జోన్స్'లో పాల్ రాబ్సన్ సరసన వేస్తే, నల్లవాడి పక్కన తెల్లావిడ ఉందని జనం పొరబడతారని ఆవిడ ముఖానికి నల్లరంగు పూయించారు. ఇప్పుడు ఆవిడ ఫిల్ముని ఏఐకిచ్చి రంగులెయ్యమంటే, ఏ ఛాయ వేస్తుందంటారు? ఒక మనిషి బతుకంతా దేనిగురించి నడిచిందో దాన్ని మిషను ఊహకి వదిలేస్తామా?

తెనాలి బుల్లోడు
పిన్నిగారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమాకి రంగు వద్దు, ఒప్పుకున్నాను.

కానీ మావయ్య గారూ, నలుపు తెలుపేదో నిజమైనట్టు మాట్లాడకండి. మూకీల కాలంలో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు నల్లగా పడేది. పెదాలూ బుగ్గలూ వేరేగా కనపడతాయని దానికి తగ్గట్టు మేకప్ వేసేవారు. అప్పుడు ఫిల్ము అబద్ధమాడింది, ఇప్పుడు ఏఐ ఆడుతోంది. పాతబడిన అబద్ధానికే గౌరవమా?

ట్రంపెట్ మావయ్య
మంచి దెబ్బే. అయితే ఫిల్ము ఏ అబద్ధం ఎలా ఆడుతుందో సెట్లో ఉన్న అందరికీ తెలుసు, దానికి తగ్గట్టే వాళ్లు మేకప్ వేసుకున్నారు. ఏఐ అబద్ధం గురించి వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

అసలు ఈ రీళ్లకి నిజంగా కావాల్సిన సాయం వేరే ఉంది. వైటాఫోన్ అని తొలి టాకీల్లో శబ్దం ఫిల్ము మీద కాకుండా విడిగా 16 అంగుళాల గ్రామఫోన్ ప్లేటు మీద ఉండేది. ఒక ప్లేటు ఒక రీలుకి సరిపోయేది. బ్యాండుల చిన్న సినిమాలు బోలెడు అలా తీశారు. తర్వాత రీలు ఒకచోట మిగిలింది, ప్లేటు ఇంకోచోట. బ్యాండు నోళ్లు కదుపుతుంటుంది, కిక్కురుమనదు. 1991 నుంచి కొందరు రికార్డుల పిచ్చోళ్లు పనిగట్టుకుని ఆ ప్లేట్లు వెతికి ఫిల్ములతో కలుపుతున్నారు. నా బోటి పిచ్చోళ్లే. అలా జత కుదిరిన బ్యాండు మళ్లీ మోగుతుంటే రంగు లేదని ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి.

గోల్కొండ గల్లీ
బుల్లోడన్నా, ఒక మాట మీద కలుస్తమా? రంగులేసుకో, 60 చేసుకో, ఎవ్వడొద్దన్నడు. గని ఏమేం చేసినవో వీడియో కింద రాయి, అసలు దాని లింకు పెట్టు. నూటికి తొంబై మంది పెడ్తలేరు.

తెనాలి బుల్లోడు
డన్. లింకు లేనిది మా ఇంటి గ్రూపులో కూడా పంపను. ఉన్నది మాత్రం పంపుతాను, అప్పుడు మావయ్య గారు నన్ను తిట్టకూడదు.

పాతరీలు
రంగులేసినాయన వీడియో కింద అసలు లింకు పెట్టమని రాశాను. ఇంకా జవాబు లేదు.

ఈలోగా రెంటినీ పక్కపక్కన ఆపి ఆపి చూస్తుంటే ఒకటి కనబడింది. పెద్ద డ్రమ్ము మీద బ్యాండు పేరు రాసుంది! '4కే' దాంట్లో అవి అక్షరాల్లాంటి గీతలు, ఏ భాషా కాదు. మసక దాంట్లో మొదటిది 'హెచ్' అనిపిస్తోంది, రెండోది 'ఎ' గానీ 'ఓ' గానీ. చివర్లో 'ఆర్కెస్ట్రా' అని ఉంది, అందులో అనుమానం లేదు.

ట్రంపెట్ మావయ్య
ఆ మసక ఫ్రేమే ఇక్కడ పెట్టండి. పదును పెట్టకండి, ఉన్నదున్నట్టు.