హాసెల్ట్ ఉచిత బస్సు: స్టీవ్ స్టేవార్ట్ గెలిచినట్టా, ఓడినట్టా?

లెక్కలమాస్టారు:
మన దగ్గర ఆడవాళ్లకు ఉచిత బస్సు మాట వస్తే చాలు, ఎవరో ఒకరు బెల్జియంలోని హాసెల్ట్ పేరెత్తుతున్నారు. ఫ్లెమిష్ (అంటే బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతపు) సోషలిస్టు స్టీవ్ స్టేవార్ట్ అక్కడ మేయర్‌గా ఉండి, 1997 జూలై 1 నుంచి అందరికీ టికెట్ ఎత్తేశాడు. సరే. కానీ 2013లో ఆ ఊరే మళ్లీ టికెట్ పెట్టిందిగా? నిలబడని పథకాన్ని పట్టుకుని మనకు పాఠాలు చెప్పడమేమిటి?

హాసెల్ట్‌వాసి:
పదహారేళ్లు నడిచింది మాస్టారూ. నేను ఆ ఊళ్లో ఆరేళ్లు ఉన్నాను. స్టేవార్ట్ కేఫ్‌లు నడుపుకుంటూ రాజకీయాల్లోకి వచ్చి 1995లో మేయర్ అయ్యాడు. ఊరేమో డెబ్బై వేల జనాభా, ఎటు చూసినా కార్లు. ఇంకో రింగు రోడ్డు వేయాలన్న ఆలోచన పక్కన పెట్టి, ఉన్న లోపలి రింగు రోడ్డునే కుదించి చెట్లు నాటించాడు. ఇప్పుడు అక్కడ నడుస్తుంటే రెండు పక్కలా నీడే. టికెట్ ఎత్తేయడంతో పాటే బస్సులూ రూట్లూ పెంచారు. ఖర్చు నగరమూ ఫ్లెమిష్ ప్రభుత్వమూ పంచుకున్నాయి. పదేళ్లలో ప్రయాణాలు పది రెట్లు దాటాయి.

లెక్కలమాస్టారు:
మళ్లీ అడుగుతున్నా. 2013లో ఎందుకు ఆపారు?

హాసెల్ట్‌వాసి:
ఖర్చు పెరిగింది, పొదుపు పేరుతో కోత పెట్టారు. అదే ఏడాది ఎస్టోనియా రాజధాని టాలిన్ ఉచిత బస్సు మొదలుపెట్టింది. 2020లో లక్సెంబర్గ్ దేశమంతా ఉచితం చేసింది.

లెక్కలమాస్టారు:
టాలిన్ వద్దు. ఆగిందా, లేదా?

మల్లెతీగ:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అత్యాచారం ఆరోపణ మీద స్టేవార్ట్‌ని కోర్టు విచారణకు పంపుతున్నారని వార్త వచ్చిన రోజే, 2015 ఏప్రిల్ 2న, ఆల్బర్ట్ కాలువలో ఆయన శవం దొరికింది.

హాసెల్ట్‌వాసి:
నిజమేనండీ. ఆ కేసు తీర్పు దాకా రాలేదు. ఫిర్యాదు చేసినామెకూ జవాబు దొరకలేదు. ఆయన మంచివాడని నేను వాదించడం లేదు, బస్సు గురించే మాట్లాడుతున్నా.

లెక్కలమాస్టారు:
అక్కడ ఆయన్ని ‘స్టీవ్ స్టంట్’ అనేవారు. ఫ్లెమిష్ రవాణా మంత్రి అయ్యాక 65 దాటినవాళ్లకు బస్సు ఉచితం. 2003లో పార్టీ అధ్యక్షుడు. అంతా ఓట్ల లెక్క. ఆ పెద్దవాళ్ల ఉచితాన్నీ 2015లో తీసేశారు.

పల్లెవెలుగు:
మాస్టారూ, మీరెప్పుడైనా చిల్లర తక్కువై బస్సు దిగారా? నాకు తొమ్మిదేళ్లప్పుడు రెండు రూపాయలు తక్కువని కండక్టర్ మా అమ్మను దారి మధ్యలో దించేశాడు. చంకలో చెల్లి, చేతిలో బియ్యం సంచి. అందరూ చూస్తున్నారు. ఆ రెండు కిలోమీటర్లు అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మీకిది లెక్క. మాకు కాదు.

లెక్కలమాస్టారు:
నన్ను కార్లో తిరిగేవాడిలా చూడకండి! మా ఊరికి అసలు బస్సే తీసేశారు. మా చెల్లెలికి ఇంటర్‌లో సీటు వచ్చింది. సాయంత్రం తిరిగి రావడానికి బస్సు లేదని నాన్న మాన్పించాడు. టికెట్ డబ్బులు చేతిలో ఉన్నాయి తల్లీ, ఎక్కడానికి బండి లేదు. ఉచితం అన్న మాట వినగానే నాకు అదే గుర్తొస్తుంది. ముందు బస్సు వేయండి అని ఎవరూ అడగరేం?

హాసెల్ట్‌వాసి:
స్టేవార్ట్ చేసింది అదే కదా. బస్సులు పెంచకుండా టికెట్ ఒక్కటే తీసేసి ఉంటే అంత జనం ఎక్కడ ఎక్కేవాళ్లు?

లెక్కలమాస్టారు:
అయితే ఆ సగం ముందు చెప్పండి. ఇక్కడ అందరూ ‘ఫ్రీ’ దగ్గరే ఆగిపోతున్నారు.

పల్లెవెలుగు:
అన్నా, ఏమనుకోకండి. మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి ఉండేది?

లెక్కలమాస్టారు:
ఆరున్నరకి. కాలేజీ నాలుగున్నరకి వదిలేవాళ్లు. సరిగ్గా సరిపోయేది.