రాగి టేపుకి సోల్డర్ పట్టట్లేదు, పైగా ఇంట్లో చిన్న బాబు. ఏం చేయాలి?

తంగేడు_కొమ్మ:
అందరికీ నమస్తే. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా ఊరి ఆర్ట్ సెంటర్‌లో అందరూ వాడుకునే వర్క్‌షాప్ ఉంది, మూడు నెలలుగా ప్రతి శనివారం అక్కడ స్టెయిన్డ్ గ్లాస్, అంటే రంగు గాజు ముక్కలు అతికి బొమ్మలు చేయడం, నేర్చుకుంటున్నా. మాది మెదక్. చిన్నప్పుడు చర్చికి ఎప్పుడు వెళ్ళినా నా కళ్ళు ఆ మూడు కిటికీల మీదే, క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. పగలు అంత వెలుగుతో ఉండేవి పొద్దు గుంకగానే నల్లబడిపోయేవి. అప్పటి నుంచి ఈ పని మీద మనసుంది.

ఇప్పుడు తంగేడు కొమ్మ చేస్తున్నా, 38 ముక్కలు. కోసి, అంచులు అరగదీసి, రాగి టేపు చుట్టేసరికి ఐదు వారాలు. మధ్యలో రెండు శనివారాలు వెళ్ళడం కుదరలేదు. మొన్న సోల్డర్ (ముక్కల్ని అతికే లోహం) కరిగించి అతుకుదామని కూర్చుంటే కరిగిన సోల్డర్ గుండ్లు గుండ్లుగా జారిపోతోంది, టేపుకి పట్టట్లేదు. పట్టేదాకా సోల్డరింగ్ ఐరన్ ఒకేచోట ఉంచితే ఒక పూరేక ముక్క పగిలింది. ఏడుపొచ్చేసింది.

ఇంకోటి, మా బాబుకి ఏడాదిన్నర. సోల్డర్‌లో సీసం ఉంటుందని అత్తయ్య ఈ పని మానెయ్యమంటున్నారు. సీసం లేనిది వాడితే సరిపోతుందా?

గాజుపెంకు:
మీ చేతిలో తప్పేం లేదండీ. రాగి గాలికి నల్లబడుతుంది, దాని మీద సోల్డర్ పట్టదు. వారానికి ఒక్కరోజు పని చేసేవాళ్ళందరికీ వచ్చే ఇబ్బందే ఇది. 0000 నంబరు స్టీల్ వూల్‌తో (బాగా సన్నటి ఉక్కు పీచు) టేపుని మెల్లగా రుద్దండి, గట్టిగా రుద్దితే చిరుగుతుంది. వెంటనే ఫ్లక్స్ (సోల్డర్ పట్టేలా చేసే రసాయనం) రాసి సోల్డర్ పెట్టండి. ఇకనుంచి టేపు చుట్టిన ముక్కల్ని గాలి చొరని జిప్ కవర్లో పెట్టుకోండి. సోల్డర్ మొదలుపెట్టిన రోజు మాత్రం సగంలో ఆపాల్సి వచ్చినా ఫ్లక్స్‌ని సబ్బునీళ్ళతో కడిగే ఇంటికి వెళ్ళండి, లేకపోతే వచ్చే వారానికి పచ్చగా చిలుము పడుతుంది.

ఐరన్ మొన కూడా చూడండి. పదిమంది వాడేది కాబట్టి నల్లగా మాడి ఉంటుంది, అలాంటి మొన వేడిని సరిగ్గా అందించదు, మనం పట్టలేదని ఇంకాసేపు ఆనించి ఉంచుతాం, గాజు పగులుతుంది. నవసాగరం బిళ్ళ ఉందేమో అడగండి. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాళ్ళు చల్లేది అదే. వేడి మొనని దాని మీద రుద్ది, కొంచెం సోల్డర్ పూస్తే మళ్ళీ తళతళలాడుతుంది. పొగ వస్తుంది, ఫ్యాన్ కింద చేయండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
చెల్లీ, మానక్కర్లేదు, కానీ అత్తయ్యగారి భయం ఉత్తదేం కాదు. సోల్డర్ చేసే వేడికి సీసం ఆవిరై గాల్లోకి లేవదు, ఆ పొగ ఫ్లక్స్‌ది, అది గొంతుని మండిస్తుంది. సీసం మాత్రం చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. అక్కడ టీ కూడా తాగొద్దు, ఫోన్ ముట్టుకునేముందు చేతులు సబ్బుతో కడుక్కో. ఆ బట్టలు, చెప్పులు వేరుగా ఉంచు, బాబుని ఎత్తుకునేముందు మార్చుకో. బల్లని పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడువు.

నువ్వొక్కదానివే సీసం లేని సోల్డర్‌కి మారితే అంత లాభం లేదు, ఎందుకంటే అదే బల్ల మీద, అదే ఐరన్‌తో మిగతావాళ్ళు 60/40 (60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం) వాడుతుంటారు. పైగా 60/40 సుమారు 190 డిగ్రీల సెల్సియస్‌కే పూర్తిగా కరుగుతుంది, సీసం లేనిదానికి 217 దాటాలి, కొత్తవాళ్ళకి నున్నగా రావడం కష్టం. సొంత ఐరన్, కింద పరుచుకునే పలక కొనుక్కుంటే అప్పుడు మారు. బాబుకి పాలిస్తుంటే మాత్రం కొన్నాళ్ళు గాజు కోయడం, అరగదీయడం వరకే ఉంచుకో, సోల్డర్ ఇంకొకరితో చేయించు. డాక్టర్‌ని అడిగి బాబుకి సీసం రక్తపరీక్ష చేయించు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో డెసిలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాములు, అంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పట్టించుకోవాలి.

తంగేడు_కొమ్మ:
అక్కా, పాలు మాన్పించి నాలుగు నెలలైంది. పరీక్షలో 1 లోపే వచ్చింది, అత్తయ్యకి కాగితం చూపించా. గాజుపెంకు గారూ, స్టీల్ వూల్‌తో రుద్దాక చక్కగా పట్టింది! 22 ముక్కలు అతుక్కున్నాయి. పగిలిన రేకకి తుక్కు డబ్బాలో దొరికిన పసుపు గాజు వాడా, కొంచెం ముదురు, అయినా బాగుంది. వేలాడదీయడానికి కొక్కెం ఎక్కడ పెట్టాలి?

గాజుపెంకు:
లోపలి సోల్డర్ గీత వచ్చి అంచుని తాకే చోట పెట్టండి, రెండు వైపులా. ఒట్టి అంచు టేపుకే అతికిస్తే బరువుకి టేపు ఊడొస్తుంది. అలాగే బాబు చేతికి అందనంత ఎత్తులో కట్టండి.